తొలి కుటుంబాల జాబితాలో తండా ఏది?

ఊరి చరిత్ర రాయాలన్న ఉత్సాహం ఈ మధ్య మన దిక్కు బాగా పెరిగింది. త్రిపురారం, నిడమనూరు, హాలియా, మిర్యాలగూడ... సాగర్ ఎడమ కాలువ కింద ఎదిగిన ఏ ఊరికి పోయినా ఒక చిన్న పుస్తకం చేతిలో పెడుతున్నారు. అది గుడి వార్షికోత్సవ సంచిక కావచ్చు, ఇంటి పెద్ద దశదిన కర్మనాడు పంచిన పుస్తకం కావచ్చు. అందులో ‘మన ఊరి తొలి కుటుంబాలు’ అని ఒక అధ్యాయం ఉంటుంది. మడత పెట్టిన పెద్ద కాగితం మీద వంశవృక్షం ఉంటుంది. మూలపురుషుడు మొదట్లో, కొడుకులు కొమ్మలు, మనవలు రెమ్మలు, చివరి ఆకుల మీద డల్లాస్, మెల్‌బోర్న్.

వాటిని ఎగతాళి చేయడానికి మేం ఈ వ్యాసం రాయడం లేదు. గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి సామాను సర్దుకొని వచ్చి, ముళ్ళకంప కొట్టి, మడులు కట్టి, అప్పులు చేసి నిలబడిన కుటుంబాల కష్టం నిజమే. తాత పేరు మరవకుండా రాసుకున్నవాళ్ళను చూస్తే గౌరవమే కలుగుతుంది. మా కొట్లాట అంతా ఆ అధ్యాయంలోని మొదటి వాక్యంతో. మా చేతికొచ్చిన పుస్తకాలన్నింటిలో అది ఇంచుమించు ఒకే తీరుగా ఉంది: అప్పట్లో ఇక్కడ ఎవరూ లేరు, అంతా అడవి.

ఎవరూ లేరా?

తేదీలతోనే మొదలుపెడదాం. నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు పెట్టారు. నీళ్ళొస్తాయన్న నమ్మకం కుదిరాక కోస్తా రైతులు ఇక్కడ చెలకలు కొనడం జోరందుకుంది. కాబట్టి కాలువతో మొదలయ్యే ‘తొలి కుటుంబాల’ కథను ఎంత వెనక్కి లాగినా డెబ్బై ఏళ్ళ దగ్గర ఆగిపోతుంది. అదే సాగర్ నీళ్ళ కింద ఇక్ష్వాకుల విజయపురి మునిగి ఉంది. పదిహేడు వందల ఏళ్ళ కిందట రాజధాని ఉన్న నది ఒడ్డున నిన్నమొన్నటిదాకా ఎవరూ లేరని రాయడానికి ధైర్యం కావాలి.

ఇక ఖాస్రా పహాణీ సంగతి చూడండి. తెలంగాణలో భూమి తగాదా వస్తే ఇప్పటికీ అందరూ మొదట వెతికే కాగితం అదే. అది 1954–55 సంవత్సరానిది. అంటే శంకుస్థాపన రాయి పడే నాటికి ఈ నేల ఎవరి చేతిలో ఉందో అది చెబుతుంది. అందులో ప్రతి సర్వే నంబరు ఎదుట పట్టాదారు పేరు ఒక గడిలో ఉంటుంది, నిజంగా దున్నుతున్నవాడి పేరు మరో గడిలో ఉంటుంది. మన తండాల్లో ట్రంకు పెట్టెల అడుగున దాచుకున్న నకళ్ళు కొన్ని మేం చూశాం. ఆ రెండో గడిలో మన తాతల పేర్లు కనిపించాయి. ఇంటిపేరు లేదు, తండ్రి పేరు సగమే ఉంది, పక్కన ‘లంబాడి’ అన్న మాట మాత్రం తప్పకుండా ఉంది. పట్వారీకి మనిషి అక్కర్లేదు, కులం చాలు.

ఇప్పుడు ఆ మొదటి వాక్యాన్ని మళ్ళీ చదవండి. ‘ఎవరూ లేరు’ అంటే మొదటి గడిలో పేరున్నవాళ్ళు లేరని అర్థం. రెండో గడిలోని మనుషులు కంపచెట్లతో పాటు అడవిలో కలిసిపోయారు. భూమి కొన్నవాడికి అమ్మినవాడు గుర్తుంటాడు. దున్నినవాడు గుర్తుండడు. 2020లో ధరణి వచ్చినప్పుడు అనుభవదారు గడిని తీసేశారు కదా, అప్పుడు మన పెద్దలు ఎందుకంత గాబరాపడ్డారో ఇది తెలిస్తే అర్థమవుతుంది. మన వంశ చరిత్రలో చాలా భాగం ఆ గడిలోనే ఉంది.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. తండా అంత పాతదైతే ఊరి రికార్డులో దాని పేరు ఎందుకు లేదు? రెవెన్యూ పటంలో తండా అన్నది ఊరు కాదు కనుక. పెద్ద ఊరి శివారు అని ఒక్క మాటతో సరిపెట్టారు. మన భూమి ఆ ఊరి పేరున, మన ఓటు ఆ ఊరి పేరున, మన చావు పుట్టుకలు ఆ ఊరి పంచాయతీ పుస్తకంలో. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ఐదొందల జనాభా దాటిన తండాలను, గూడేలను విడి పంచాయతీలు చేశారు. రాష్ట్రమంతటా 1,177 అలా ఏర్పడ్డాయి. మంచి జరిగింది, కాదనం. అయితే సర్కారు కాగితం లెక్కన మన తండా పుట్టింది 2018లో! ముత్తాత కట్టిన తండాకు ముని మనవడి కంటే తక్కువ వయసు.

కానీ తండా పేరే ఒక వంశావళి. ఆలోచించండి. నలుగురైదుగురు అన్నదమ్ములు, వాళ్ళ బావమరుదులు ఒక నాయక్ వెనక నడిచి వచ్చి దిగిన చోటుకు ఆ నాయక్ పేరే నిలిచింది. మన చుట్టూ ఉన్న తండాల పేర్లు వరుసగా చదివితే మొదటి తరం జాబితా అక్కడే దొరుకుతుంది. నాయక్, కార్‌భారీ, డావో అని తండా పెద్దరికం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో అడిగితే రెండో తరం, మూడో తరం బయటపడతాయి. ఇంతకు ముందు తండా ఎక్కడుండేదని అడిగితే ముసలివాళ్ళు ఒక వాగు పేరో, గుట్ట పేరో చెబుతారు. దానికి ముందు మరో చోటు. ఆ చోట్లను వరుసగా పేర్చితే అదే మన వలస పటం. గుడి గోడ మీద శాసనం లేదని మనకు చరిత్ర లేదనేవాళ్ళు ఈ పేర్ల పట్టీ ఎప్పుడైనా చదివారా?

వంశం గుర్తుపెట్టుకోవడం మనకు ముచ్చట కోసం చేసే పని కాదు, అదిలేకపోతే పెళ్ళే జరగదు. కొత్త మనిషి తండాకు వస్తే రామ్ రామ్ అయ్యాక జాత్ ఏది, పాడా ఏది అని అడుగుతాం. భాయిపణం వస్తే అన్నదమ్ములం, పిల్లను ఇచ్చుకోం. సగా అయితేనే మాట ముందుకు నడుస్తుంది. చవాన్ వాళ్ళల్లో మూడ్, కొర్ర, సభావట్, కేళూత్, పాల్త్యా, లావుడ్యా అని ఆరు పాడాలున్నాయని మన ఇళ్ళల్లో చదువురాని నాయనమ్మ కూడా చెబుతుంది. అజ్మీర, బాదావత్, గుగులోత్, హాలావత్, మాలోత్, తేజావత్ వాళ్ళు వడిత్యా కిందికి వస్తారు కాబట్టి వాళ్ళలో వాళ్ళకు సంబంధం కుదరదని ఆమెకు లెక్క తెలుసు. తరాల పేర్లు కంఠతా చెప్పే భాట్‌లు, ఢాడీలు మనకు ఉన్నారు. ఏడాదికోసారి వచ్చి, తండా నడుమ కూర్చొని, తాతకు తాత పేరు నుంచి మొదలుపెట్టి నిన్న పుట్టిన పిల్లవాడి దాకా పాడి, ఇచ్చింది తీసుకొని పోయేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్నారో, అపార్ట్‌మెంట్‌కు కాపలా కాస్తున్నారో. మన వంశవృక్షాలు గీసే పని వాళ్ళది. వాళ్ళను బిచ్చగాళ్ళలా చూసి సాగనంపింది మనమే. ఈ తప్పు కోస్తావాళ్ళది కాదు, సర్కారుది కాదు.

ఆ వంశాన్ని చెడగొట్టిన చోటు మరొకటుంది. టీచర్లు మమ్మల్ని క్షమించాలి, మాలోనూ సగంమంది టీచర్లమే. ఒకటో తరగతి హాజరు పట్టీ! ఒకే ఇంటి అన్నదమ్ముల్లో ఒకరిని ధరావత్ అని, ఒకరిని ధీరావత్ అని, మూడోవాడిని ఉత్త ‘నాయక్’ అని రాశాం. నాయక్ అన్నది తండా పెద్ద పదవి. దాన్ని అందరికీ ఇంటిపేరుగా అంటిస్తే పాడా పోయింది, జాత్ పోయింది. పుట్టిన రోజు తెలియకపోతే జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేశాం. సారు రాసిందే ఆధార్‌లోకి, పాస్‌బుక్కులోకి, కులం సర్టిఫికెట్‌లోకి ఎక్కింది. తెలుగువాళ్ళ ఇంటిపేర్లు చాలా వరకు పాత ఊరి పేర్లే. అందుకే వాళ్ళ మనవలు ఇంటిపేరు పట్టుకొని మూలం వెతుక్కుంటూ పోగలరు. మన ఇంటిపేరును ఒక్క అక్షరం తప్పుగా రాస్తే పెళ్ళి వరసే మారిపోతుంది.

ఇది అక్షర దోషాల గోల అనుకుంటే ఒక ముచ్చట వినండి. మా ఎరుకలో ఒక తండాలో తాత పేరు మీద రెండెకరాల చిల్లర అసైన్డ్ భూమి ఉంది. తాత పోయాడు, కొడుకులు ముగ్గురూ పోయారు. మనవలు విరాసత్ కోసం ఆఫీసుకు వెళ్ళారు. పట్టాలో తాత పేరు ఒక తీరు, రేషన్ కార్డులో మరో తీరు, కొడుకుల బడి సర్టిఫికెట్లలో తండ్రి పేరు మూడు తీర్లు. ముగ్గురూ ఒకే తండ్రి బిడ్డలని రుజువు చేయండన్నారు. తండా అంతా వచ్చి సాక్ష్యం చెబుతామంది. నోటి మాట చెల్లదన్నారు. ఫైలు తిరిగొచ్చింది. ఈలోగా ఆ భూమిని తెల్లకాగితం మీద ఎప్పుడో కొన్నామని వేరేవాళ్ళు సాగులోకి దిగారు. అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదని 1977 నుంచి చట్టం ఉంది. కానీ ఆ చట్టం పట్టుకొని నిలబడాలంటే ముందు ఆ తాతకు మనవడినని చూపించుకోవాలి కదా. మన జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, ఇక్కడ 1/70 అండ కూడా లేదు. పెద్ద ఊళ్ళో వంశవృక్షం గోడకు కట్టుకునే పటం కావచ్చు. తండాలో అది రెండెకరాల నేల.

పుస్తకాల్లో మన గురించి లేదా అంటే ఉంది. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో లంబాడాల మీద రాశాడు. ఆయన తలల కొలతలు తీసుకునే మనిషి. నిజాం రాజ్యంలో సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ 1920లో రాసిన గ్రంథంలో బంజారాల మీద అధ్యాయం ఉంది, జాత్‌లు, పాడాల పట్టికలున్నాయి. వాటిని చదవండి, పనికొస్తాయి. కానీ వాళ్ళకు మనం ఒక రకం జనం. ఫలానా వాగు పక్కన ఫలానా తండాలో ఉన్న ఫలానా మనిషి ఆ పేజీల్లో దొరకడు. అంతకుముందే, 1871లో, తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. దేశంలో చాలాచోట్ల మనవాళ్ళ పేర్లు మొదటిసారి వరుసగా కాగితం మీదికి ఎక్కింది పోలీసు రిజిస్టర్లలోనే. ఆ చట్టం 1952లో పోయింది. ఒకరి వంశావళి గుడి పుస్తకంలో మొదలైతే మరొకరిది ఠాణా పుస్తకంలో మొదలైంది. ఈ కథను మన వైపు నుంచి రాయడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. నిజాం పాలనలో లంబాడాల మీద భూక్యా భంగ్యా గారి ఇంగ్లిష్ పుస్తకం వచ్చింది ఆ ఏడాదే. డిగ్రీ చదివే పిల్లలు అది చదవకుండా జయంతి సభల్లో మైకు పట్టుకోవద్దని మా మనవి.

వంశవృక్షాన్ని నరికిన గీత మరొకటుంది. అది కృష్ణా నది. త్రిపురారం, దామరచర్ల దిక్కు తండాలకు అవతలి ఒడ్డున పల్నాడులో సగావాళ్ళు, భాయిపణంవాళ్ళు ఉన్నారు. ఆడపిల్లలను ఇచ్చుకున్నారు, పుచ్చుకున్నారు. రాజ్యం దృష్టిలో మాత్రం అవతలి ఒడ్డున ఉన్న అన్న షెడ్యూల్డ్ తెగ, ఇవతలి ఒడ్డున ఉన్న తమ్ముడు కాదు. 1976 సవరణ చట్టం వచ్చి, 1977లో అమలయ్యాకే తెలంగాణ లంబాడాలు ఆ జాబితాలోకి వచ్చారు. అందాకా ఒకే తాత మనవల్లో ఒకడికి హాస్టల్లో సీటు ఉంది, ఒకడికి లేదు. ఈ సంగతి రాసిపెట్టుకోకపోతే రేపు ఎవరో వచ్చి, వీళ్ళు 1977 తర్వాత జాబితా కోసం నది దాటి వచ్చినవాళ్ళని తేలిగ్గా అనేస్తారు. ఇప్పటికే అంటున్నారు. జవాబు కోపంలో లేదు. ఖాస్రా పహాణీలో, తండా పేర్లలో, పెళ్ళి సంబంధాల వరసలో ఉంది.

ఇంతదాకా ఎదుటివాళ్ళను అన్నాం. ఇక మన యువకులతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. ఫోన్లలో తిరిగే మన ‘వంశ చరిత్రలు’ చూస్తున్నాం. అన్నీ రాణా ప్రతాప్ దగ్గర మొదలవుతాయి. గుర్రం, కత్తి, కోట. మధ్యలో నాలుగు వందల ఏళ్ళు మాయం, చివర మన తండా. పెద్ద కులాలవాళ్ళ మూలపురుషుడికి పోటీగా మనమూ ఒక రాజును తెచ్చుకున్నాం. ఏం తక్కువని? దక్కనుకు దండెత్తి వచ్చిన మొగలు సైన్యాలకు ఎద్దుల మీద తిండిగింజలు మోసింది మనవాళ్ళు. భంగి, జంగి నాయకులకు లక్షా ఎనభై వేల ఎద్దులుండేవని, 1630 ప్రాంతంలో వాళ్ళకు తామ్రపత్రం ఇచ్చారని మన పెద్దలు చెప్పుకుంటారు. సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు మోసి లోపలి ఊళ్ళకు అందించింది మన పెరికెలే. రోడ్లు పడి, రైలు వచ్చాక ఆ బేరం కూలిపోయింది. 1889 నాటికి సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి. ఉప్పు బస్తా రైలెక్కాక ఎద్దుకు పని లేదు. అప్పుడు ఎద్దుల మందలు అమ్ముకొని, మిగిలిన గొడ్లు మేపుకుంటూ, దొర భూమిలోనో బంజరులోనో నాగలి పట్టిన మనిషి ఉన్నాడే, మన తండాకు మూలపురుషుడు అతనే. అతని పేరు మీకు తెలుసా? రాణా ప్రతాప్ పేరు అందరికీ తెలుసు.

మరో నిజం కూడా రాయాలి. మేమే మొదటివాళ్ళం అని మనం రాస్తే అదీ అబద్ధమే. చందంపేట దిక్కు కృష్ణ గట్ల మీద, నల్లమలలో చెంచులు మనకంటే ముందున్నారు. త్రిపురారం లాంటి ఊళ్ళల్లో మాదిగ, మాల వాడలు, యాదవుల మందలు, కుమ్మరి ఆములు మన తండా దిగేనాటికే ఉన్నాయి. మన తాతలు జొన్నలు మార్చుకున్నది వాళ్ళతోనే. ఆదిలాబాద్‌లో గోండు సోదరులు మనల్ని వలస వచ్చినవాళ్ళంటే మనకు మండుతుంది. ఆ తగాదా వేరే, దాని న్యాయాన్యాయాలు ఈ వ్యాసంలో తేలేవి కావు. కానీ సాగర్ కింద కోస్తావాళ్ళను మనం ఏ మాట అడుగుతున్నామో, మనల్ని ఎవరైనా ఆ మాట అడిగితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. ఏ ఏడాది వచ్చాం, ఎక్కడి నుంచి వచ్చాం, వచ్చినప్పుడు ఇక్కడ ఎవరున్నారు, ఎవరి నేలలో దిగాం. ఈ నాలుగూ దాచకుండా రాసుకున్న జాతికి వలస అన్న మాట తిట్టు కాదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. పెద్ద ఊరి వంశవృక్షాల్లో కూతుళ్ళు ఉండరు, కోడళ్ళు ఉండరు, ఉన్నా బ్రాకెట్లో ఉంటారు. మనం గీసేవాటిలోనూ అంతే. భాట్ పాడినదీ మగవాళ్ళ వరసే. అయితే తండా ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచిందో, ఏ కరువులో ఎవరు పోయారో, ఏ పిల్లను ఏ తండాకు ఇచ్చారో గుర్తున్నది యాడిలకే. తీజ్ పాటల్లో, పెళ్ళికూతురు ఏడుస్తూ పాడే పాటల్లో పుట్టింటి మనుషుల పేర్లన్నీ వరసగా వస్తాయి. మేం ఒక యాడి దగ్గర కూర్చొని మీ మామగారి తండ్రి పేరేమిటని అడిగాం. చెప్పింది. ఆయన భార్య పేరు అడిగాం. చెప్పింది. ఆమె ఏ తండా ఆడపిల్ల అంటే అదీ చెప్పింది. అంతా అయ్యాక, ‘నా పేరు రాసుకోలేదేం బిడ్డా’ అంది. నిజమే, రాసుకోలేదు.

చెట్టులో కనిపించకుండా పోయిన కొమ్మలు ఇంకా ఉన్నాయి. 1999లో, మళ్ళీ 2001లో, దేవరకొండ దిక్కు తండాల్లో ఆడశిశువుల అమ్మకాల వార్తలు దేశమంతా మారుమోగాయి. పేదరికం, వరసగా ఆడపిల్లలు, దత్తత పేరుతో బేరం. ఆ పిల్లలు ఇప్పుడు పాతికేళ్ళ మనుషులు. విదేశాలకు దత్తత పోయిన భారతీయ పిల్లలు పెద్దయ్యాక కన్నవాళ్ళను వెతుక్కుంటూ రావడం మనం చూస్తూనే ఉన్నాం. రేపు అలాంటి బిడ్డ ఒకతి మన తండా మొదట్లో కారు దిగి నిలబడితే ఆమెకు చూపించడానికి మన దగ్గర ఏ కాగితం ఉంది? ఆమెకు పాడా తెలియదు, భాష తెలియదు. ఆమెను కన్న తల్లి బతికుంటే చెప్పుకోలేని సిగ్గుతో ఉంటుంది. మనం గీసే వంశవృక్షంలో ఆ బిడ్డ కోసం ఒక ఖాళీ గీత ఉంచాలని మేం అంటే మాలోనే కొందరు ఒప్పుకోలేదు. తండా పరువు పోతుందన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు. మేం మాత్రం గీత ఉంచాలనే వైపే ఉన్నాం.

పని ఎక్కడ మొదలుపెట్టాలంటే, బడిలోనే. ఆరు నుంచి పది దాకా చదివే పిల్లలు దసరా సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క ముసలివాళ్ళ దగ్గర కూర్చోవాలి. తాత, తాతకు తండ్రి, నాయనమ్మ, ఆమె పుట్టిన తండా, జాత్, పాడా, తండా ఇంతకుముందున్న చోట్లు. ఫోన్లో మాట రికార్డు చేసుకోవాలి, గోర్ బోలిలోనే. తెలుగు లిపిలో రాసేటప్పుడు వినపడినట్టు రాయండి, సంస్కరించకండి. మనవాళ్ళు పలికే కొన్ని ధ్వనులకు తెలుగులో అక్షరం సరిపోదు. సరిపోని చోట కింద గీత గీసి ఉంచండి, తర్వాత చూసుకుందాం. టీచర్లు ఆ పేర్లను హాజరు పట్టీతో పోల్చి చూసి, తేడా ఉన్న చోట తండ్రికి చెప్పాలి. చదువుకున్న యువకులు తహశీల్ ఆఫీసులో తమ ఊరి ఖాస్రా పహాణీ నకలు దరఖాస్తు పెట్టి తీసుకోవాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. భాట్‌లు, ఢాడీలు ఎక్కడున్నారో వెతికి, పిలిచి, ఈసారి కూలి ఇచ్చి పాడించుకోవాలి.

అట్లాగే పెద్ద ఊరి చరిత్ర రాస్తున్న పెద్దమనుషుల దగ్గరికి కూడా పోవాలి. గొడవకు కాదు. మీ తాత వచ్చిన కొత్తలో కూలికి ఎవరిని పిలుచుకున్నారు, ఎద్దులు ఎవరి దగ్గర కొన్నారు, పాలు ఎవరు పోశారు, భూమి అమ్మింది పట్టాదారైతే అప్పటిదాకా దున్నింది ఎవరు అని అడగాలి. ఆ ఇళ్ళల్లో ఎనభై దాటిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళకు మన తాతల పేర్లు గుర్తున్నాయి, కొందరు వరసలు పెట్టి పిలుచుకున్నారు కూడా. పుస్తకం రాసిన మనవలకే తెలియదు. మేం అలా ఒక ఇంటికి పోతే మొదట కుర్చీ వేయడానికి తటపటాయించారు. లోపలి నుంచి ముసలమ్మ వచ్చి, మాలో ఒకరి ముఖం చూసి, ఫలానా నాయక్ మనవడివా అని అడిగింది. ఆ నాయక్ తన పెళ్ళినాటి బండి తోలాడని చెప్పింది. ఆమె మనవడు నోట్‌బుక్ తెచ్చుకున్నాడు. రెండో ముద్రణలో మొదటి వాక్యం మారుస్తానన్నాడు. మేం ఎదురుచూస్తున్నాం.